ఏడు వారాల పాపకు నా పాలు చాలడం లేదంటున్నారు: డబ్బాపాలు కొనసాగించాలా?

ప్రశ్న: కొత్త తల్లి, రాజమహేంద్రవరం

నాకు ఇది తొలి కాన్పు. పాప పుట్టి నేటికి 52 రోజులు. సహజ ప్రసవమే జరిగింది; ప్రస్తుతం పుట్టింట్లో ఉన్నాను. మొదటి నెలన్నర పాటు పాప పూర్తిగా నా పాలమీదే పెరిగింది. 45వ రోజున టీకాలు వేయించి తీసుకువచ్చిన సాయంత్రం ఆరింటి నుంచి పది వరకు ఆగకుండా ఏడ్చింది. అరగంటకొకసారి రొమ్ము పట్టుకోవడం, రెండు నిమిషాలు తాగి వదిలేయడం, మళ్ళీ ఏడవడం. ఆ మరుసటి రెండు రోజులూ సాయంత్రాలు అలాగే గడిచాయి. పాలు చాలకనే ఏడుస్తోందని మా అమ్మ, హైదరాబాదు నుంచి ఫోనులో మా అత్తగారు, పక్కింటి పిన్నిగారు ముగ్గురూ ఒకే మాట అనడంతో డబ్బాపాలు తెప్పించాము. అప్పటి నుంచి రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి 60 మిల్లీలీటర్ల చొప్పున సీసాతో పడుతున్నాము. అవి తాగిన తరువాత పాప నాలుగైదు గంటలు నిద్రపోతోంది. నా పాలు తాగినప్పుడు రెండు గంటలకే లేచేది.

నా సందేహాలకు మరికొన్ని కారణాలున్నాయి. మొదటి నెలలో రొమ్ములు రాయిలా బిగిసి, పాలు కారి రవిక తడిసిపోయేది, ఇప్పుడు మెత్తబడిపోయాయి. నిన్న చేతి పంపుతో తీసి చూస్తే రెండు వైపులా కలిపి 35 మిల్లీలీటర్లకు మించి రాలేదు. రెండు రోజులుగా పగటిపూట కూడా పాప రొమ్మును లాగి వదిలి చిరాకు పడుతోంది. పథ్యం పేరుతో నాకు కారప్పొడి, నెయ్యి, వేడి అన్నం తప్ప కూరలు పెద్దగా పెట్టడం లేదు. పొట్ట పెరుగుతుందని మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నారు. నా పాలు నిజంగానే ఎండిపోతున్నాయా? పెరగడానికి తినవలసిందేమైనా ఉందా, మందులున్నాయా? ప్రసవానికి మూడు వారాల ముందే సెలవు పెట్టినందువల్ల పాపకు ఐదు నెలలు నిండి కొన్ని రోజులు కాగానే బ్యాంకు ఉద్యోగంలో తిరిగి చేరవలసి ఉంటుంది. ఇప్పుడే ఇలా ఉంటే అప్పటి సంగతి తలచుకుంటేనే దిగులుగా ఉంది.

సమాధానం: విశ్రాంత నర్సు, విశాఖపట్నం

అమ్మా, ముప్పయ్యేళ్ళకు పైగా ప్రసూతి వార్డులో పనిచేశాను. మీరు రాసినదంతా శ్రద్ధగా చదివాను. అందులో పాప ఏడుపు ఉంది, మీ రొమ్ముల మెత్తదనం ఉంది, పంపు లెక్క ఉంది. పాప బరువు మాత్రం లేదు. టీకా కార్డు తీసి పుట్టినప్పటి బరువు, ఆ తరువాత తూచిన ప్రతిసారీ రాసిన బరువు ఇక్కడ రాయండి. డబ్బాపాలు మొదలుపెట్టక ముందు రోజుకు ఎన్ని గుడ్డలు మూత్రంతో తడిపేదో కూడా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఆ రెండూ తెలియకుండా పాలు చాలుతున్నాయో లేదో ఎంత అనుభవజ్ఞులైనా చెప్పలేరు.

కొత్త తల్లి, రాజమహేంద్రవరం

కార్డు బీరువాలో ఉంటే తీయించాను. పుట్టినప్పుడు 2.95 కిలోలు, నాలుగవ రోజున ఇంటికి పంపేటప్పుడు 2.74, పద్నాలుగవ రోజున 2.98, 45వ రోజున టీకా వేసేటప్పుడు 3.73 కిలోలు. గుడ్డలు రోజుకు ఎనిమిది, ఒక్కొక్క రోజు పది కూడా మార్చేవాళ్ళము. అప్పట్లో ప్రతి తాగుడుకూ విరేచనం చేసేది. ఇప్పుడు రెండు రోజులకొకసారి చేస్తోంది.

విశ్రాంత నర్సు, విశాఖపట్నం

ఇప్పుడు మాట్లాడుకుందాము. పుట్టిన బిడ్డ మొదటి కొద్ది రోజుల్లో పుట్టిన బరువులో నూటికి ఏడు వంతుల వరకు తగ్గడం మామూలే. పది వంతులు దాటితే ఆందోళన పడాలి. మీ పాప తగ్గింది ఏడు వంతులు. రెండు వారాలకల్లా పుట్టిన బరువును మళ్ళీ అందుకోవాలి. మీ పాప అందుకుని 30 గ్రాములు దాటింది. పద్నాలుగవ రోజు నుంచి 45వ రోజు వరకు, అంటే 31 రోజుల్లో 750 గ్రాములు పెరిగింది. రోజుకు సుమారు 24 గ్రాములు. తొలి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చక్కగా పెరుగుతున్నట్లు లెక్క. ఐదవ రోజు దాటిన తరువాత ఇరవై నాలుగు గంటల్లో ఆరు గుడ్డలకు తగ్గకుండా తడపాలి. మీరు ఎనిమిది, పది అంటున్నారు. ఈ పెరుగుదలంతా డబ్బా మూత తీయక ముందు, కేవలం మీ పాలతో జరిగింది. టీకా వేసిన రోజునే ఈ కార్డును చదివి చెప్పేవారు ఒకరుంటే ఆ డబ్బా మీ ఇంటికి వచ్చేది కాదు.

మరి ఆ సాయంత్రపు ఏడుపు ఏమిటంటారా? ఆరేడు వారాల వయసులో చాలామంది పిల్లలు సాయంత్రాలు ఎక్కువగా ఏడుస్తారు, మాటిమాటికీ రొమ్ము అడుగుతారు; ఎదుగుదల ఒక్కసారిగా ఊపందుకునే రోజులవి. మీ పాపకు పైగా టీకా నొప్పి, నలత తోడయ్యాయి. ఇక రొమ్ములు మెత్తబడటం సంగతి: మొదటి వారాల్లో పాలు అవసరానికి మించి దిగి, రక్తం, నీరు కూడా చేరి రొమ్ములు బిగుస్తాయి. ఆరు వారాలు దాటేసరికి బిడ్డ తాగే కొలతకు తయారీ సర్దుకుంటుంది. మెత్తబడిన రొమ్ములో పాలు ఉండవన్నది అపోహ. పాలు బాగా దిగుతున్న తల్లికి కూడా పంపు పెడితే కొన్నిసార్లు చాలా తక్కువ వస్తాయి. పంపు బిడ్డ నోటికి సాటి రాదు. పైగా పంపులో రొమ్ముకు ఆనించే కప్పు కొలత మీకు సరిపోకపోయినా, బిడ్డ తాగిన వెంటనే తీసినా అంతే వస్తాయి. విరేచనాలు తగ్గడం కూడా ఈ వయసులో సహజమే. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ ఆరు వారాల తరువాత కొన్ని రోజులపాటు చేయకపోయినా, చేసినప్పుడు మెత్తగా ఉంటే చాలు.

అయితే ఈ వారం రోజుల్లో నిజంగా కొంత నష్టం జరిగి ఉండవచ్చు. బిడ్డ చప్పరించినప్పుడల్లా తల్లి మెదడు నుంచి ప్రోలాక్టిన్ అనే హార్మోను విడుదలై పాలు తయారు చేయిస్తుంది; అది రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. ఆక్సిటోసిన్ అనే మరో హార్మోను ఆ పాలను బయటికి తోస్తుంది. ఆవు చేపడం అని మన పల్లెల్లో అంటామే, అదే ఇది. దూడ కనబడితే ఆవు చేపినట్లు బిడ్డ ఏడుపు వింటేనే తల్లికీ చేపు వస్తుంది. భయం, నొప్పి, నలుగురి మాటలు ఆ చేపును ఆలస్యం చేస్తాయి. రొమ్ములో నిలిచిపోయిన పాలు తయారీని నెమ్మదింపజేస్తాయి. తొమ్మిదింటికి, రెండింటికి డబ్బాపాలు పట్టి పాప నాలుగైదు గంటలు నిద్రపోతే, ఆ రెండు వేళలూ మీ రొమ్ముకు పని తప్పింది. సీసా పీక నుంచి ధార ఇట్టే రావడంతో రొమ్ము దగ్గర చేపు వచ్చేదాకా ఆగే ఓపిక పాపకు తగ్గి ఉండవచ్చు. పగటి చిరాకుకు అదీ ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. డబ్బాపాలను ఒక్కసారిగా మానవద్దు. ముందు రెండు వైపులా రొమ్ము పట్టండి, మొదటి వైపు మెత్తబడి పాప వదిలాక రెండవ వైపుకు మార్చండి, ఇంకా అడిగితే మళ్ళీ మొదటి వైపుకు రండి. ఆ తరువాత పట్టే డబ్బాపాలను 60 నుంచి 40కి, రెండు మూడు రోజులాగి 20కి తగ్గించండి. రెండింటి వేళ పట్టేవి ముందుగా మానండి, ఎందుకంటే ఆ వేళ చప్పరింపుకు విలువ ఎక్కువ. పట్టవలసినంత కాలం సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టండి. మీ ఇంట్లో తప్పక ఉండి ఉంటుంది. పాపను కాస్త నిటారుగా ఒడిలో కూర్చోబెట్టి, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, పాలను నోట్లో ఒంపకుండా పాపే చప్పరించుకునేలా పట్టుకోవాలి. పొడి కలిపేటప్పుడు డబ్బాపై రాసిన కొలతకు ఒక చెంచా అటూ ఇటూ కాకూడదు. పొదుపు కోసం పలచన చేసిన పాలతో పిల్లలు ఎండుకుపోవడం నేను వార్డులో కళ్ళారా చూశాను.

పాప రొమ్ము పట్టే తీరును కూడా ఒకసారి గమనించండి. నోరు పెద్దగా తెరిచి, కింది పెదవి బయటికి తిరిగి, గడ్డం మీ రొమ్ముకు ఆనుకుని, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం పై పెదవి దగ్గరే ఎక్కువగా కనబడుతుంటే సరిగా పట్టినట్లు. గుటక వేస్తున్న చప్పుడు వినబడాలి. చనుమొన వదిలినప్పుడు నొక్కుకుపోయి, పక్కకు చెక్కినట్లు ఉంటే, లేదా మీకు మొదటి నిమిషం దాటాక కూడా నొప్పి ఉంటే, పట్టు సరిగా లేదని అర్థం. దగ్గరలోని ఆసుపత్రిలో చూపించుకోండి, నాలుక కింది పొర బిగుతుగా ఉందేమో కూడా చూస్తారు.

వారానికొకసారి ఒకే తూకంపై, బట్టలు విప్పి తూయండి, అంగన్‌వాడీలో తూస్తారు. తడిసే గుడ్డలు ఆరు కంటే తగ్గినా, పాప మగతగా ఉండి తాగడానికి లేవకపోయినా, బరువు నిలిచిపోయినా ఈ సలహాలన్నీ పక్కనపెట్టి ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

సమాధానం: అమ్మమ్మ, అమలాపురం

అమ్మాయీ, నర్సమ్మగారు చెప్పిన దానికి నేను చేర్చేది నీ తిండి మాట ఒక్కటే. బాలింతకు నీళ్ళు కొలిచి ఇవ్వడం మా అత్తగారి కాలంలో నేనూ పడ్డాను, నా కూతుళ్ళకు మాత్రం ఆ బాధ పెట్టలేదు. దాహం వేసినప్పుడల్లా తాగు. పాలివ్వడానికి కూర్చునే ముందు చెంబు పక్కన పెట్టుకో. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి లెక్క అట, మా మనవరాలు చదివి చెప్పింది. కారప్పొడి, నెయ్యి అన్నంతో అది తీరదు. పప్పు, గుడ్డు, చేపలు, పెరుగు, ఆకుకూరలు అన్నీ తిను. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరను, కాల్షియం మాత్రలు మానకు.

మా కోనసీమలో బాలింతకు తెలగపిండి, మునగాకు కలిపిన కూర పెడతాము. నువ్వుల నూనె తీయగా మిగిలిన పిండిని జల్లించి, మరుగుతున్న నీళ్ళలో మునగాకుతో పాటు వేసి, నీరంతా ఇగిరి పొడిపొడిగా అయ్యే వరకు సన్నసెగ మీద ఉంచి, చివర వెల్లుల్లి దండిగా వేసి తాలింపు పెట్టాలి. పచ్చి బొప్పాయి కూర, సొరచేప పిట్టు కూడా వండుతాము. వీటి వల్లనే పాలు పెరుగుతాయని నేను ప్రమాణం చేయను. తల్లికి బలం వస్తుంది, నాలుకకు రుచి తగులుతుంది, ఇంట్లో వాళ్ళకు బాలింతను కనిపెట్టుకుని ఉండడానికి ఒక పని దొరుకుతుంది. పాపకు మాత్రం మంచినీళ్ళు, తేనె, వస, ఆముదం ఏదీ నోట్లో వేయనివ్వకు, ఎవరు చెప్పినా సరే. నేను ఒకప్పుడు వేసినదాన్నే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

సమాధానం: ఇద్దరు పిల్లల తల్లి, వరంగల్

పై సమాధానాలు మీ విషయంలో సరైనవే, కార్డులోని బరువులే అందుకు సాక్ష్యం. కానీ ఈ చర్చను చదివే వేరొక తల్లికి అదే మాట వర్తించకపోవచ్చు, అందుకని నా సంగతి రాస్తున్నాను. తల్లులందరికీ పాలు సరిపడా ఉంటాయి, ఓపిక పట్టాలి అన్న మాటను నాకు మొదటి కాన్పులో పదే పదే చెప్పారు. ఎనిమిదవ రోజుకు మా బాబు పుట్టిన బరువులో నూటికి పన్నెండు వంతులు తగ్గిపోయాడు. గుడ్డలపై ఇటుకపొడి రంగు మరకలు కనబడేవి, రోజుకు మూడుకు మించి తడిసేవి కావు, ఏడవడానికి కూడా శక్తి లేక నిద్రపోతూ ఉండేవాడు. బుద్ధిమంతుడని మేము మురిసిపోయాము. ఆసుపత్రిలో చేర్చి పోతపాలు పట్టించిన తరువాతే కోలుకున్నాడు.

నాకు ప్రసవంలో రక్తస్రావం ఎక్కువగా జరిగింది, థైరాయిడ్ లోపం ఉన్నట్లు అప్పుడు చేసిన పరీక్షలోనే బయటపడింది. ఈ రెండూ పాలను తగ్గిస్తాయి. మాయముక్క లోపల మిగిలిపోవడం, కొందరిలో పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తులు, హార్మోన్ల తేడా), రొమ్ముకు గతంలో జరిగిన శస్త్రచికిత్స, గర్భంలో ఉన్నప్పుడు రొమ్ములు అసలు పెరగకపోవడం కూడా అలాంటి కారణాలే. ఈస్ట్రోజెన్ ఉండే గర్భనిరోధక మాత్రలు, సూడోఎఫెడ్రిన్ కలిసిన జలుబు మాత్రలు కూడా పాలను తగ్గించగలవు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ముందు పాలిస్తున్నానని చెప్పాలి. థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక నాకు పాలు కొంత పెరిగాయి, పూర్తిగా సరిపోలేదు. రొమ్ము పట్టి, ఆపైన పోతపాలు పడుతూ పదకొండు నెలలు నెట్టుకొచ్చాను. ఆ డబ్బాను చూసి నేను ఏనాడూ సిగ్గుపడలేదు, ఇప్పుడు ఆరేళ్ళ వాడిని చూస్తే అసలే సిగ్గు లేదు.

పాలు పెరిగే మందుల గురించి అడిగారు. నాకు డాంపెరిడోన్ రాసే ముందు డాక్టరుగారు గుండె పరీక్ష చేయించారు, ఎందుకంటే అది కొందరిలో గుండె లయను చెదరగొడుతుంది. ఎవరో వాడారని తెచ్చుకుని వేసుకునే మందు కాదు. మెంతులు పాలు పెంచుతాయనడానికి గట్టి ఆధారం లేదు. ఎక్కువ మోతాదులో రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి కనుక మధుమేహం మందులు వాడేవారు జాగ్రత్త పడాలి. మీ బరువుల లెక్క చూస్తే మీకు ఇవేవీ అవసరం లేదనిపిస్తోంది.

సమాధానం: బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్

ఉద్యోగం గురించి నేను చెబుతాను. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది; అందులో ఎనిమిది వారాల వరకు ప్రసవానికి ముందు వాడుకోవచ్చు. యాభై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ శిశు సంరక్షణ గది ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావడానికి అనుమతించాలి. బిడ్డకు 15 నెలలు నిండే వరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి మూలచట్టంలోనే ఉంది. నేను అడిగినప్పుడు మా శాఖాధికారికి ఈ సంగతి తెలియదు. చట్టంలోని ఆ పేజీ అచ్చు తీసి బల్లపై పెడితే పాలు తీసుకోవడానికి రికార్డుల గదికి గడియ పెట్టించి ఇచ్చారు. సెలవు పూర్తికాక ముందే రాతపూర్వకంగా అడగడం మేలు.

ఒక నెల నుంచి ఆరు నెలల మధ్య తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలు రోజుకు సుమారు 750 మిల్లీలీటర్లు తాగుతారు. అంటే మీరు లేని గంటకు 30 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేసుకోవచ్చు. పది గంటలు బయట ఉంటే 300. ఫ్రీజరు నిండా నిల్వ చేయాలని హైరానా పడనవసరం లేదు, మొదటి రెండు రోజులకు సరిపడా ఉంటే చాలు. ఆ తరువాత ఈరోజు ఆఫీసులో తీసినవే రేపు పాప తాగుతుంది. చేరడానికి మూడు వారాల ముందు నుంచి రోజూ పొద్దున మొదటి తాగుడు అయిన గంటకు ఒకసారి తీసి పెట్టుకోండి. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజరులో ఆరు నెలల వరకు ఉంటాయని చెబుతారు. మన ఎండాకాలపు గదుల్లో ఆ నాలుగు గంటలను నమ్ముకోవద్దు. తీసిన వెంటనే మంచుదిమ్మలు పెట్టిన సంచిలో ఉంచాలి. ఫ్రీజరు నుంచి తీసి ఫ్రిజ్‌లో కరిగించిన పాలను మళ్ళీ గడ్డకట్టించకుండా, ఫ్రిజ్‌లోనే ఉంచి 24 గంటల్లో వాడేయాలి. స్టవ్ మీద కాచకూడదు, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెను ఉంచితే సరి. తీసిన పాలు పైకి మీగడ తేలి విడిపోయినట్లు కనబడితే చెడిపోయాయని మా అత్తగారు మొదటి రోజునే పారబోశారు. మెల్లగా తిప్పితే కలిసిపోతాయని మీ ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

కొత్త తల్లి, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. ఆ సమాధానాలు చదివిన మరునాడు, అంటే 53వ రోజున, పాపను అంగన్‌వాడీలో తూయించాను: 3.90 కిలోలు. నర్సమ్మగారు చెప్పినట్లు రెండింటి వేళ డబ్బాపాలు తగ్గిస్తూ నాలుగవ రోజుకు మానేశాను. మొదటి రెండు రాత్రులు పాప గంటకొకసారి లేచింది. మా అమ్మ డబ్బా వైపు చూడటం, నేను అమ్మ వైపు చూడటం తప్ప ఇద్దరమూ మాట్లాడుకోలేదు. మూడవ రాత్రి రెండున్నరకు పాప తాగుతుండగా రెండవ వైపు నుంచి పాలు వాటంతటవే కారి చీర తడిసింది. తొమ్మిదింటివి 20 మిల్లీలీటర్లకు వచ్చాయి, అవి ఉగ్గుగిన్నెతోనే పడుతున్నాము. అది నా చిన్ననాటి వెండి గిన్నె. చింతపండుతో తోమి, మరిగించి ఇచ్చింది అమ్మ. ఇవాళ 62వ రోజు: 4.12 కిలోలు. తొమ్మిది రోజుల్లో 220 గ్రాములు. ఈసారి లెక్క నేనే వేసుకున్నాను.

అమ్మమ్మగారూ, తెలగపిండి కూర రెండుసార్లు చేసుకున్నాము. మొదటిసారి నీరు ఎక్కువై ముద్దయింది. వరంగల్ అక్కగారూ, మీరు రాసినది చదివి థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకున్నాను, సరిగానే ఉంది. సాయంత్రం ఏడుపు మాత్రం ఇంకా పోలేదు. ఆరయ్యేసరికి మొదలుపెడుతుంది, ఒక విడత తాగించాక అమ్మ పాపను భుజాన వేసుకుని అరుగు మీద అటూ ఇటూ తిరుగుతుంది, ఆ అరగంటలో నేను అన్నం తినేసి, నీళ్ళు తాగి, మళ్ళీ పాపను అందుకుంటున్నాను.